ప్లగ్గుకి మూడో కాలు

ముందుగా ఒక మాట. ఇది నా కుడిచేత్తోనే రాస్తున్నాను. చెయ్యి ఉందా పోయిందా అని ఎవరూ కంగారుపడక్కర్లేదు. కానీ పెన్ను పట్టుకోడానికి మొద్దుబారిన వేళ్ళు కూడా సరిపోతాయి. నా పనికి సరిపోవు. దసరా నుంచి ఉగాది దాకా నాకు ముద్ద మింగుడు పడనివ్వని భయం అదొక్కటే.

నేను జూబ్లీహిల్స్‌లో ఒక ఫిల్మ్ ల్యాబ్‌లో నెగెటివ్ కట్టర్‌ని. ఎడిటరుగారు ముందు ఒక కాపీ మీద ఇష్టమొచ్చినట్టు కోసి, అతికి, మళ్ళీ కోసి చూసుకుంటారు. అంతా ఖాయమయ్యాక అసలు నెగెటివ్‌ని అదే ప్రకారం కత్తిరించేది మేము. అది ఒక్కటే ఉంటుంది. దాని మీద గీత పడిందంటే ఎంత పెద్ద హీరో అయినా మొహం మీద గీతతోనే తెరమీదికి వస్తాడు. అందుకే ఫిల్మ్‌ని అంచుల్లో మాత్రమే పట్టుకుంటాం. అంచున ఉండే చిల్లుల్ని బొటనవేలూ, చూపుడువేలూ తడుముకుంటూ పోతాయి. కళ్ళు చూసేది సగం, వేళ్ళు చూసేది సగం. ఆ పని మద్రాసులో నేర్చుకున్నాను. సినిమావాళ్ళు ఒక్కొక్కరే ఇటు వచ్చేస్తుంటే, ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసే మా ఆయన మూర్తిగారి వెంట నేనూ హైదరాబాదు వచ్చి యూసుఫ్‌గూడలో కాపురం పెట్టాను. మాతోపాటు మా అత్తగారు.

ల్యాబ్‌లో మా గది పక్కనే సౌండువాళ్ళ గది. వాళ్ళు పాడైన యాంప్లిఫయర్లు విప్పుకుని కుస్తీలు పడుతుంటే టీ టైములో వెళ్ళి చూసేదాన్ని. కొయ్యడం, అతకడం, ఒక్క అతుకు తప్పితే మొత్తం పోవడం. ఇదీ నా పనేగా అనిపించింది. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి సాల్డరింగ్ ఐరన్ కొనుక్కొచ్చుకున్నాను. మొదట పిట్ట కూతలు కూసే కాలింగ్ బెల్లు చేశాను, తర్వాత తలుపు తీస్తే వెలిగే బల్బు. అన్నీ చిన్న బ్యాటరీతో నడిచేవే. వాటిలో తప్పు చేస్తే బల్బు వెలగదు, అంతే. వరసగా నాలుగు పనిచేసేసరికి నాకు కొమ్ములొచ్చాయి. అత్తగారికి చెవుడు ముదురుతోంది, రేడియోలో భక్తిపాటలు వినపడక చెవి దానికి ఆనించి కూర్చుంటోంది. ఆవిడ కోసం ఇంటి కరెంటు మీద నడిచే యాంప్లిఫయర్ మొదలుపెట్టాను.

అక్కడే నా పన్నెండేళ్ళ కత్తెర అలవాటు నా కొంప ముంచింది. పుస్తకంలో బొమ్మ ప్రకారం కరెంటు వైరులో మూడు తీగలు. ఎరుపూ నలుపూ ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్ళాయి. ఆకుపచ్చదాన్ని రేకు డబ్బాకి బిగించమని రాసుంది. బిగించకుండానే పాట ఖంగుమంటూ వస్తోంది. మరి దీనికేం పని? పనిలేని ముక్కని బల్ల మీద ఉంచడం నాకు చేతకాదు, అక్కర్లేనిది కోసి పారేసే చేతులివి. కత్తెర తీసి డబ్బా లోపల ఆ తీగని మొదలంటా కత్తిరించేశాను. బయటికి చూస్తే ప్లగ్గుకి మూడు కాళ్ళూ ఉన్నాయి. లోపల మూడోదానికి దిక్కులేదు.

ఇంకో పొరపాటు నాకే తెలియకుండా జరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ బిగించేటప్పుడు ఎరుపు తీగ దాని కింద పడి నలిగి, పైతొడుగు చిట్లి, లోపలి రాగి రేకుకి తగులుతోంది. దసరాకి ముందురోజు సాయంత్రం డబ్బా మీద చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమంది. కాళ్ళకి చెప్పులున్నాయి కాబట్టి అంతటితో పోయింది. కొత్త సామాను కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. నా మొహం! ఆ జివ్వుమనడం ఉత్తరం రాసినట్టు చెప్పింది, నేనే చదువుకోలేదు.

దసరా

సినిమావాళ్ళ ఇళ్ళల్లో ఆయుధపూజ అంటే మాటలు కాదు. నా కత్తెరలూ, మా ఆయన డైరీ, నా యాంప్లిఫయరూ అన్నీ బల్ల మీద బారుగా పెట్టాం. మా ఆయన దానికి ముహూర్తం కూడా పెట్టించారు. తొమ్మిదీ నలభైకి అత్తగారు మీట తిప్పాలి, పాట రావాలి.

ముహూర్తం షాటు సంగతి తెలియనివాళ్ళకి చెప్తాను. పెద్దమనిషి వచ్చి కెమెరా మీట నొక్కగానే అది తిరగాలి. తిరగలేదా, ఆ సినిమాకి అక్కడే నీళ్ళొదులుకుంటారు. అందుకని ప్రొడక్షన్‌వాళ్ళు ముందే అంతా నడిపి చూసుకుని, కరెంటు అలాగే ఉంచేస్తారు. మా ఆయనా ఇంట్లో సరిగ్గా అదే చేశారు. నేను తలంటుకునే లోపల ప్లగ్గు పెట్టి, గోడ స్విచ్చు వేసి ఉంచారు. నాకు చెప్పలేదు. నేను వచ్చి చూస్తే డబ్బా ముందున్న మీట ఆపేసి ఉంది, ఎర్రలైటు వెలగట్లేదు. ఆగి ఉందనుకున్నాను. మీట ఆపితే పాట ఆగుతుంది, డబ్బా లోపలికి వచ్చిన కరెంటు ఎక్కడికీ పోదు. ఇది ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

అప్పుడే తుడిచిన నేల. ఉత్త కాళ్ళు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చెయ్యంతా తడి పసుపు.

"భారతీ, డబ్బా తూర్పు ముఖంగా లేదు. జరుపు జరుపు, టైమవుతోంది" అన్నారు మా ఆయన, కొబ్బరికాయ చేత్తో పట్టుకుని.

కుడిచేత్తో పట్టుకున్నాను.

షాక్ కొట్టడం అంటారు గానీ అది కొట్టడం కాదు, పట్టుకోవడం. వేళ్ళు నా మాట వినడం మానేశాయి. వదలాలని నాకు తెలుసు, వాటికి తెలియదు. అరుద్దామంటే నోరు రాలేదు. వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది, ఎవరో ఒకరు దింపండర్రా అనుకున్నాను. చచ్చిపోతూ పాల గురించి ఆలోచించినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా ఆయన కాయ వదిలేసి నా మీదికి పరుగెత్తారు. "ముట్టుకోకురా!" అని ఇల్లు అదిరేలా ఒక కేక వినపడింది. స్విచ్చు నా వెనక, బల్ల అవతల ఉంది, అందదు. మా అత్తగారు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, తను కూర్చున్న చెక్కపీట లాగి రెండు చేతులతో ఎత్తి నా మోచేతి మీద ఒక్కటి వేసింది. నేనొక పక్క పడ్డాను, డబ్బా ఒక పక్క పడింది. "ఇప్పుడు స్విచ్చు ఆర్పు" అంది కొడుకుతో, ఊపిరి కూడా తీసుకోకుండా.

ఆవిడకి ఇదెలా తెలుసో చెప్పాలి. షేక్‌పేటలో ఉండే యాదగిరన్న లైట్‌మెన్‌కి పెద్ద. మా ఆయనతో పనిచేస్తాడు, పనిమీద వచ్చినప్పుడు మా ఇంట్లో టీ తాగి షూటింగ్ కబుర్లు చెప్పి వెళ్తాడు. కరెంటు పట్టుకున్న మనిషిని చేత్తో ముట్టొద్దు, మొదట స్విచ్చు ఆర్పాలె, అందకుంటే ఎండు కట్టెతోని కొట్టి విడిపియ్యాలె అని ఒకసారి చెప్పాడు. మేం ఊఁ కొట్టి మర్చిపోయాం. అత్తగారికి వినపడక "ఏంటీ? ఏంటీ?" అని మూడుసార్లు అరిపించి మరీ చెప్పించుకుంది. చెవులున్న మా ఇద్దరికీ ఎక్కనిది ఆవిడకి ఎక్కింది.

ఆ మూడు రోజులు

బంజారా హిల్స్‌లో ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళారు. అప్పటికి నేను లేచి మాట్లాడుతున్నాను. "బాగానే ఉంది కదండీ, కట్టు కట్టి పంపించెయ్యండి" అని మా ఆయన డాక్టరుగారిని బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. షాక్ తిన్న గుండె అప్పటికప్పుడు బాగానే ఉండి తర్వాత తిక్క చెయ్యొచ్చు, ఒక రోజంతా చూడాలన్నారు. ఎవరికైనా ఇలాంటిది జరిగితే లేచి నడుస్తున్నాం కదా అని ఇంటికి పోకండి. నా మాట వినండి.

చెయ్యి పొంగిపోతోంది. గాజులు తియ్యాలి. పండగపూట గాజులు పగలగొడతారేమోనని నాకు ఏడుపొచ్చింది. ఎర్రగా కాలిన వేళ్ళకి రాని ఏడుపు గాజులకి వచ్చింది చూడండి. అక్కడున్న నర్సు, మలయాళీ పిల్ల, నా మొహం చూసి ఏం అర్థం చేసుకుందో ఏమో, సబ్బునీళ్ళు తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఒక్కొక్క గాజే తిప్పుతూ, ఆగుతూ, నొప్పి పుడితే ఊదుతూ పన్నెండూ తీసింది. ఒక్కటీ చిట్లలేదు. కాగితంలో చుట్టి అత్తగారి చేతిలో పెట్టి, "అమ్మా, గాజులు మంచిది, మళ్ళీ వేస్కోవాలి" అంది.

మూడోరోజు డాక్టరుగారు కట్టు విప్పి చూశారు. గుండెకి భయం లేదు. చర్మం వస్తుంది. "స్పర్శ సంగతి ఇప్పుడు చెప్పలేనమ్మా. కొన్ని నెలలు చూద్దాం" అన్నారు.

బయట వరండాలో మా ఆయన అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే చెప్తున్నారు, "కిందపడి పగిలిన కొబ్బరికాయ కుళ్ళిందండీ. కొట్టకముందే కుళ్ళింది." లోపల నేనూ తక్కువ తినలేదు. చూడ్డానికి వచ్చిన ల్యాబ్ వాళ్ళతో "గల్లీలో నాసిరకం ట్రాన్స్‌ఫార్మర్ అంటగట్టాడు" అన్నాను.

కార్తీకం

కట్టు విప్పాక వేళ్ళు చూడ్డానికి బాగానే ఉన్నాయి, గులాబీరంగు కొత్త చర్మంతో. కానీ బొటనవేలూ, చూపుడువేలూ కలిపి రుద్దితే రెండు కొయ్యముక్కలు రుద్దినట్టుంది. సూదితో గుచ్చుకుని చూశాను, రక్తం వచ్చింది గానీ గుచ్చినట్టు తెలియలేదు. ల్యాబ్‌లో నా కుర్చీలో మద్రాసు నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంది. "మీరొచ్చేదాకానే అక్కా" అని కబురంపింది. మంచిపిల్లే. అయినా ఆ పిల్ల చేతులు తలుచుకుని కుళ్ళుకున్నాను. ఇంట్లో మా ఆయన నా సాల్డరింగ్ ఐరన్ అటకెక్కించేసి, "ఇంకెప్పుడూ ఆ పిచ్చిపని వద్దు" అన్నారు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కంచాలు కాస్త గట్టిగా పెడుతూ, మాటలు తగ్గించుకుని రోజులు నడిపాం.

యాదగిరన్న వచ్చాడు. టీ తాగలేదు. నేరుగా డబ్బా అడిగి, దాని ప్లగ్గు తన చొక్కా జేబులో వేసుకుని, అప్పుడు విప్పాడు. చాలాసేపు చూశాడు. అత్తగారు వంటింట్లో ఉంది, మా ఆయన ఇంట్లో లేరు.

"చెల్లె, గీ పచ్చ వైరు ఎవరు కోసిండ్రు?"

"కొన్నప్పుడే అలా ఉంది అన్నా."

"దుకాణపోడు కోస్తే గిట్ల ఉండది. వాడు పండ్లతోని గుంజుతడు. ఇది మస్తు సాఫ్‌గ ఉన్నది." నవ్వాడు. "గింత సాఫ్‌గ కోసే చెయ్యి ఈ ఇంట్ల ఒక్కటే ఉంది."

నాకు తల కొట్టేసినట్టయింది. పట్టుబడ్డ దొంగలా కూర్చున్నాను. "దానికేం పని లేదనుకున్నాను అన్నా. అది లేకపోయినా పాట వచ్చింది."

"దాని పని పాట కాదు చెల్లె. ఉత్తగనే కూసున్నట్టు కొడ్తది, గాని కావలి కాస్తది. కరెంటు దారి తప్పి డబ్బా మీదికొస్తే గది పట్టుకపోయి భూమిల కలుపుతది. అది లేకుంటే ఆ వైరు నువ్వే అయితవ్."

ఇంత చిన్న మాటలో ఇంత పాఠం చెప్పిన పుస్తకం నేను చూడలేదు. ఆ మనిషి బడి మొహం ఎరగడు. తన ఎడమచేతి చిటికెనవేలు చూపించాడు. ఎప్పుడూ వంగే ఉంటుంది, పుట్టుకతో వచ్చిందనుకునేదాన్ని. "ప్లగ్గు తీసిన అన్నడు ఒకడు. నేను నమ్మిన. గప్పటి సంది నా మనుషులకు ఒకటే మాట. ఏ లైటు ముట్టాలన్నా, దాని ప్లగ్గు నీ జేబుల ఉండాలె. పక్కోడు తీసిండు, మీట బంద్ ఉంది, ఇవి నడువయ్." ఆయన కింద పాతికమంది పనిచేస్తారు. వాన సీనుల్లో, బురదలో, వేడికి మండే లైట్లతో. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ ఒక్కరి చెయ్యీ పోలేదట. ఏ గొప్పలూ లేకుండా, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

వెళ్ళబోతూ జేబులోంచి వైరు లేని ఉత్త ప్లగ్గు ఒకటి తీశాడు. "కండ్లు మూసుకో. చెయ్యి ఇయ్యి. ఎన్ని కాళ్ళు?"

వేళ్ళతో తడిమాను. ఏదో బరువు ఉంది, అంతే. "తెలియట్లేదు" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. మల్ల అడుగుత."

అన్నట్టే అడిగాడు. షూటింగ్ లేని ఆదివారమల్లా సైకిలు మీద వచ్చి, కళ్ళు మూయించి, చేతిలో ప్లగ్గు పెట్టి, "ఎన్ని కాళ్ళు?" ఒకసారి నేను విసిగిపోయి, ఎప్పుడూ మూడేగా అని "మూడు! తెలుస్తున్నాయి!" అన్నాను. కళ్ళు తెరిస్తే చేతిలో రెండు కాళ్ళ ప్లగ్గు.

"యాక్టింగ్ వద్దు చెల్లె" అన్నాడు. "యాక్టర్లను రోజూ చూస్తనే ఉంట."

నవ్వలేక చచ్చాను. దసరా తర్వాత నవ్వడం అదే మొదలు.

మాఘం

నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి. వరండాలో పొడుగు బెంచీ, తలపైన గీరుమని తిరిగే ఫ్యాను. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. అత్తగారు ఒక చివర పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తోంది. ఈ చివర మేమిద్దరం. మూడు నెలలు దాటింది, ఏ మార్పూ లేదు.

"భారతీ" అన్నారు మా ఆయన, ఎదురుగోడ వంక చూస్తూ. "గోడ స్విచ్చు నేనే వేసి ఉంచాను. ముహూర్తానికి పాట రాకపోతే బాగుండదని. నీకు చెప్పలేదు."

లాగి ఒక్కటివ్వాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. లేచింది ఆ కొయ్య వేళ్ళ చెయ్యే. దాన్ని చూడగానే కోపం దిగిపోయి ఏడుపొచ్చింది. "ఆకుపచ్చ వైరు నేనే కోసేశానండీ" అన్నాను. "గల్లీవాడి తప్పేం లేదు. ముందురోజు జివ్వుమంది, అదీ చెప్పలేదు."

ఆయన బెంచీ ఆ చివరనున్న వాళ్ళమ్మ వంక చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "అది అమ్మ కోసం చేసింది కదే. రోజూ తడిచేత్తో పట్టుకునేది అమ్మే కదా" అన్నారు.

అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు, నమ్మండి. నా వేళ్ళు, నా కుర్చీ, నా పని అనే ఏడుపులో మునిగిపోయాను. ఇద్దరం కలిసి, ముహూర్తం పెట్టి మరీ, ఆ ముసలావిడ చేతికి ఏం అందించబోయామో అప్పుడు తెలిసింది. ఆ చివర ఆవిడ కళ్ళు తెరిచి, "ఏంటీ, పిలిచారా?" అంది.

"లేదమ్మా" అన్నారు ఆయన. లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని ఆ పులిహోర డబ్బా తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం అటక మీంచి నా సాల్డరింగ్ ఐరన్ తనే దించి, దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టారు. కుందేటికి కాళ్ళు మూడేనన్న మనిషి మొదటిసారి నాలుగోది ఒప్పుకున్నారు.

ఎడమచేత్తో మెల్లిగా ఆ యాంప్లిఫయర్ డబ్బా మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను. యాదగిరన్న పక్కన కూర్చుని చూసేవాడు, తను మాత్రం చెయ్యి పెట్టేవాడు కాదు. ఎర్ర తీగ నలగకుండా దూరంగా మళ్ళించాను. రేకు అంచు వైరుని కొయ్యకుండా, అది లోపలికొచ్చే కన్నానికి రబ్బరు రింగు తొడిగాను. రేకు మీద రంగు గీకి, ఆకుపచ్చ తీగని మరతో బిగించాను. "గుంజి చూడు" అన్నాడు. గుంజాను. "ఇంకోసారి" అన్నాడు. బిగించిన ప్రతిదాన్నీ నాచేత రెండుసార్లు గుంజించాడు. ఇంట్లో గోడ ప్లగ్గులో భూమిలోకి పోయే ఎర్తు అసలు ఉందో లేదో కూడా ఆయనే చూశాడు. ఉంది. లేకపోతే నా పచ్చతీగ వట్టి అలంకారమేనట.

ఉగాది

పచ్చడి తిన్నాక మళ్ళీ బల్ల మీద పెట్టాం. ఈసారి ముహూర్తం లేదు. మా ఆయనే వద్దన్నారు. బొట్టు పెట్టాలని అత్తగారు కుంకుమ తెచ్చింది. నేను కాళ్ళు తుడుచుకుని, చెప్పులేసుకుని నిలబడ్డాను. ప్లగ్గు పీకి, యాదగిరన్న మాట ప్రకారం కుడిచేతి గుప్పిట్లో పట్టుకున్నాను. ఆయన గుమ్మం దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు.

అత్తగారు బొట్టు పెట్టబోయి ఆగిపోయింది. కళ్ళజోడు సర్దుకుని డబ్బానీ, నన్నూ చూసింది.

"ప్లగ్గేదే అమ్మాయ్?"

"నా చేతిలో ఉంది అత్తయ్యా" అని చెయ్యి ఎత్తాను. గట్టిగా పట్టుకున్నానేమో, గుప్పిట్లో ఏదో గుచ్చుకుంది.

గుచ్చుకుంది! నాకు తెలిసేలా గుచ్చుకుంది.

కదలకుండా నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. ఎవరూ అడగలేదు. బొటనవేలు మెల్లిగా జరిపాను. సన్నది ఒకటి. పక్కన సన్నది ఇంకొకటి. చూపుడువేలు ఇంకాస్త పైకి పోయింది, భయం భయంగా. అక్కడ తగిలింది. లావుగా, పొడుగ్గా, మిగతా రెండిటికన్నా ముందుకొచ్చి. మందంగా, గ్లౌజులోంచి తగిలినట్టే తగిలింది, కానీ తగిలింది. కళ్ళు తెరిస్తే గుమ్మం దగ్గర యాదగిరన్న గ్లాసు కిందపెట్టి నన్నే చూస్తున్నాడు. ఆయన ఏం అడగలేదు. వంగిన చిటికెనవేలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మూడూ ఉన్నాయి అత్తయ్యా" అన్నాను.

"ఏంటీ?"

"మూడు కాళ్ళూ తెలుస్తున్నాయి!"

"ఏంటే?" అంది ఆవిడ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మూడోసారి, వీధి మొత్తానికి వినపడేలా అరిచి చెప్పాను, "మూడూ తెలుస్తున్నాయి అత్తయ్యా! సోమవారం నుంచి పనికి పోతున్నా!"